బ్యాకప్ ఉన్నాది సరే... బేగి తెస్తారేటి?

‘సర్వర్ డౌన్’ అన్న మాట ఇప్పుడు మన పక్క ముసిలమ్మలకి కూడా తెలుసు. ఇంగ్లీషు రాకపోయినా ఆ రెండు ముక్కలకి అర్థం మాత్రం అందరికీ ఒకటే: ఈరోజు పని కాదు, రేపు రా. పింఛను, రేషను, వన్ బీ, అడంగల్, కులం సర్టిఫికెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా... ఇవన్నీ ఎక్కడో ఒక డేటాబేస్‌లో వరసలు వరసలుగా ఉన్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వొచ్చినాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలెట్టినారు. మంచిదే. కరణం గారి చెక్కపెట్టెలో కాగితాల కోసం కాళ్లరిగేలా తిరిగిన రోజులు పోనాయి.

గానీ ఆ చెక్కపెట్టెకి ఒక గుణం ఉండేది. ఒక ఊరి పెట్టెకి చెద పడితే ఆ ఊరికే కష్టం. ఇప్పుడు పెట్టె ఒకటే, రాష్ట్రమంతటికీ. దానికి ఏదైనా అయితే పొందూరులో ఆగిపోనాది, పలాసలో ఆగిపోనాది, పార్వతీపురంలోనూ ఆగిపోనాది.

అలాటప్పుడు పెద్దోళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఒకటి ఉన్నాది: ‘భయపడకండి, బ్యాకప్ ఉంది.’ ఆ మాట వినగానే మనం ఊరుకుంటాం. అక్కడే మోసపోతున్నాం. అడగాల్సిన ప్రశ్న అది కాదు. బ్యాకప్ ఉన్నాదా అని కాదు, దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఎన్ని గంటలు పడతాది? ఆ గంటలు ఎవరైనా ఎప్పుడైనా కొలిచినారేటి? బ్యాకప్ తీయడం రోజూ రాత్రి దానంతట అదే జరిగిపోయే పని. దాన్ని తిరిగి తేవడం, అంటే రిస్టోర్, ఎప్పుడో ఒకపాలి, అదీ అందరూ గాభరాగా ఉన్నప్పుడు చేసే పని. రోజూ చేసే పని అందరికీ వొస్తాది. ఎప్పుడో చేసే పనే ఎవరికీ రాదు.

ఢిల్లీలో రెండు వారాలు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి కంప్యూటర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినాది. దేశంలోనే పేరున్న ఆస్పత్రి. ఓపీ చీటీలు, అడ్మిషన్లు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ మళ్లీ పెన్నూ కాగితం మీదకి వొచ్చేసినాయి. తర్వాత పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది: అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయి, తాళం పడిపోయిన డేటా సుమారు 1.3 టెరాబైట్లు, దెబ్బతినని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి మొత్తం డేటా తెచ్చి కొత్త సర్వర్లలో పెట్టినారు, ముఖ్యమైన పనులు చాలావరకు రెండు వారాల తర్వాత మొదలయినాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. 1.3 టెరాబైట్లంటే పెద్ద సముద్రమేమీ కాదు. శ్రీకాకుళం బజారులో దొరికే రెండు టీబీ హార్డ్ డిస్కులో పట్టేస్తాది. మామూలు డిస్కు సెకనుకి 100 మెగాబైట్లు చదువుతాది అనుకుంటే, 13 వేల సెకన్లు, అంటే మూడున్నర గంటల పైచిలుకు. మరి మూడున్నర గంటల డేటాకి రెండు వారాలు ఎందుకు పట్టినాది?

కాపీ చేయడం ఒక్కటే రిస్టోర్ కాదు కాబట్టి. దాడి జరిగిన సర్వర్లని నమ్మలేం, కొత్తవి కావాల. ఆ కొత్తవాటిలో అన్నీ మొదటి నుంచి పెట్టాల. వేల కంప్యూటర్లున్న ఆస్పత్రి నెట్‌వర్కులో పురుగు ఇంకెక్కడ దాక్కున్నాదో వెతకాల. వెతక్కుండా తొందరపడి డేటా ఎక్కిస్తే, ఆ కొత్త డేటాకి కూడా మళ్లీ తాళం పడతాది. అందుకే ‘బేగి’ అంటే కంగారుగా అని కాదు. ఏ పని ముందు, ఏ పని వెనక, ఏవేవి ఒకేసారి చెయ్యొచ్చు అన్నది ముందే రాసి పెట్టుకుని, చేసి చూసుకుని ఉండడం.

ఇది ఢిల్లీ కథ కదా, మనకేటి అంటారా? 2019 ఏప్రిల్ నెలాఖరులో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకి కూడా ఇదే జబ్బు తగిలినాది. వెబ్‌సైట్లు ఆగినాయి. 2024 జూలై 31న సీ-ఎడ్జ్ అన్న కంపెనీ మీద దాడి జరిగితే, దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకులని ఎన్‌పీసీఐ చెల్లింపుల వ్యవస్థ నుంచి పక్కన పెట్టేసినాది. ఆ బ్యాంకులు ఏవో తెలుసా? సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు. పట్నంలోవాడికి నాలుగు బ్యాంకుల యాప్‌లుంటాయి, ఒకటి ఆగితే ఇంకోటి తీస్తాడు. పల్లెలోవాడికి ఖాతా ఒకటే, అదీ ఇలాంటి బ్యాంకులోనే. సర్వర్ ఒకలాగే పడిపోతాది గానీ దెబ్బ అందరికీ ఒకలాగ తగలదు. అదృష్టం కొద్దీ మరుసటి రోజే వాటిని తిరిగి కలిపినారు.

దాడులే అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఆ రోజులు మన జిల్లాలోవాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు నేలకి ఒరిగిపోయిన పక్క మనది. సర్వర్ ఉన్న గదిలోనే బ్యాకప్ కూడా ఉంటే, పంటా విత్తనాలూ ఒకే గాదెలో పోసుకున్నట్టే.

బట్ట మూటా, పత్తి మూటా

రిస్టోర్ ఎందుకు ఆలస్యం అవుతాదో అర్థం కావాలంటే పొందూరు వాళ్లకి వేరే పోలిక అక్కర్లేదు, ఖాదీ చాలు.

సన్న ఖాదీ ఎలాగ తయారవుతాదో మన ఇళ్లలో చూసిందే. కొండపత్తి ఏరాల, వాలుగ చేప దవడతో దూదిని దువ్వాల, గింజ తీయాల, ఏకాల, ఏకులు చుట్టాల, చరఖా మీద నూలు వడకాల, పడుగూ పేకా పెట్టి మగ్గం మీద నెయ్యాల. ఇప్పుడు ఒక వ్యాపారి గోదాములో బట్ట తడిసి పాడయ్యిందనుకోండి. ఆయన దగ్గర ఇంకో ఊళ్లో నేసిన బట్ట మూట ఒకటి దాచి ఉంటే, బండి కట్టుకుని తెచ్చుకోవడమే. అదే, దాచింది బట్ట కాకుండా పత్తి మూటా, నేత ఎలాగ నెయ్యాలో రాసిన కాగితమూ అయితే? పత్తి తెచ్చి మళ్లీ మొదటి నుంచి వడికి నేసుకోవాల.

డేటాబేస్ బ్యాకప్‌లు కూడా ఈ రెండు రకాలే. మొదటి రకం ఫిజికల్ బ్యాకప్. డిస్కు మీద ఉన్న ఫైళ్లని ఉన్నవున్నట్టు కాపీ తీయడం. అది బట్ట మూట. రెండోది లాజికల్ బ్యాకప్, అందరూ డంప్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్ ఇచ్చేది ఇదే. ‘ఈ టేబుల్ తయారుచెయ్యి, ఈ వరసలు ఎక్కించు, తర్వాత ఈ ఇండెక్సు కట్టు’ అని రాసి ఉన్న ఆదేశాల చిట్టా. అది పత్తి మూట. దాన్ని రిస్టోర్ చేయడమంటే డేటాబేస్ ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయడం.

పత్తి మూటకి దాని విలువ దానికున్నాది. ఏ మగ్గం మీదైనా నెయ్యొచ్చు. డంప్‌ని పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కి, ఒక రకం మెషీన్ నుంచి ఇంకో రకానికి తీసుకుపోవచ్చు. ఒక్క టేబులే కావాలంటే ఒక్కటే తీసుకోవచ్చు. చిన్న డేటాబేస్‌కి అదే సుళువు. గానీ డేటా వందల గిగాబైట్లు దాటిపోయినాక కూడా డంప్ ఒక్కటే నమ్ముకుని కూకుంటే, గోదాము తడిసిన రోజున పత్తి ఏరుకోవడం మొదలెట్టాల. చాలా ఆఫీసుల్లో జరిగేది ఇదే. మొదలెట్టినప్పుడు డేటా చిన్నది, డంప్ పది నిమిషాల్లో ఎక్కిపోయేది. అయిదేళ్లకి డేటా వంద రెట్లు అయినాది, పద్ధతి మాత్రం మారలేదు.

గంటలు ఎక్కడ పోతాయి?

ఒకటి, దారి. బ్యాకప్ ఎక్కడో దూరంగా ఉంటాది, ఉండాలి కూడా. అక్కడి నుంచి ఇక్కడికి రావాల. ఒక టెరాబైటు డేటాకి సెకనుకి 100 మెగాబిట్ల లైను ఉంటే 22 గంటలు పడతాది. ఒక గిగాబిట్ అయితే రెండుంబావు గంటలు. పది గిగాబిట్లయితే పావుగంట లోపే. అదీ లైను మొత్తం మనకే దొరికితే. ఇంకే తెలివితేటలూ ఈ లెక్కని దాటలేవు. గిట్‌లాబ్ అన్న కంపెనీ 2017 జనవరి 31న ఇది నేర్చుకున్నాది. అలిసిపోయిన ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటా చెరిపేసినాడు. సుమారు 300 జీబీ డేటాబేస్. డంపులు వెర్షన్ తేడా వల్ల చాలా రోజులుగా ఫెయిల్ అవుతున్నాయి, ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి దొరికింది ఆరు గంటల కిందట తీసిన ఒక స్నాప్‌షాట్. అది ఉన్న డిస్కు నెమ్మది. కాపీ అవడానికే 18 గంటలు పట్టినాది. ప్రపంచమంతా వాడే కంపెనీకే అది గతి.

రెండు, ఒక్క చరఖా. పాత పద్ధతి డంప్ ఒక్క వరసలో ఎక్కుతాది. సర్వర్‌కి 32 కోర్లు ఉన్నా, పనిచేసేది ఒకటే. 32 చరఖాలు పెట్టి ఒక్క మనిషిని కూకోబెట్టినట్టు. పోస్ట్‌గ్రెస్‌లో డంప్‌ని డైరెక్టరీ ఫార్మాట్‌లో తీస్తే, పీజీ రిస్టోర్‌కి ‘జాబ్స్’ ఆప్షన్ ఇచ్చి ఒకేసారి ఎనిమిది టేబుళ్లు ఎక్కించొచ్చు. మైఎస్‌క్యూఎల్‌కి మైఎస్‌క్యూఎల్ షెల్‌లో డంప్, లోడ్ సదుపాయాలు ఉన్నాయి, మైడంపర్ అని ఇంకోటి ఉన్నాది. అవి పెద్ద టేబుల్‌ని కూడా ముక్కలు చేసి పదిమందికి పంచుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే బ్యాకప్‌ని ఒక ఫైలుగా కాకుండా నాలుగైదు ఫైళ్లుగా తీస్తే చదవడం బేగి అవుతాది. ఒరాకిల్‌లో ఛానెళ్లు పెంచుతారు. పేర్లు వేరైనా సూత్రం ఒకటే.

మూడు, మూట విప్పడం. చోటు కలిసొస్తాదని బ్యాకప్‌ని గట్టిగా కుదించేస్తారు. జీజిప్ లాంటి పాత పద్ధతిలో విప్పడం ఒక్క కోరు మీదే నడుస్తాది. డిస్కు ఖాళీగా ఉంటాది, నెట్‌వర్క్ ఖాళీగా ఉంటాది, ఆ ఒక్క కోరు మాత్రం చెమటోడుస్తాది. జీస్టాండర్డ్ లాంటి కొత్తవాటికి మారితే విప్పడం చాలా తేలికవుతాది. చోటు కూడా నష్టం ఉండదు.

నాలుగు, ఇండెక్సులు. వరసలు ఎక్కించేటప్పుడే ఇండెక్సు కూడా ఉంటే, ప్రతి వరసకీ ఇండెక్సుని సర్దుతా ఉండాల. వరసలన్నీ ముందు పోసేసి, చివర్లో ఒక్కపాలి ఇండెక్సు కడితే పని చాలా తగ్గుతాది. కల్లంలో ధాన్యమంతా పోసినాక తూర్పార పట్టడం తేలికా, గుప్పెడు గుప్పెడుకీ పట్టడం తేలికా? పీజీ రిస్టోర్ ఈ వరసనే పాటిస్తాది. గానీ ఇండెక్సు కట్టడానికి పోస్ట్‌గ్రెస్ వాడుకునే ‘మెయింటెనెన్స్ వర్క్ మెమ్’ అన్న సెట్టింగు మొదట్లో 64 ఎంబీయే ఉంటాది. 64 జీబీ ర్యామ్ కొని పెట్టి, దీన్ని అలాగే ఒగ్గేసినోళ్లు చాలామంది. రిస్టోర్ రోజున ఒకటో రెండో జీబీకి పెంచుకుంటే తేడా కనిపిస్తాది. కాకపోతే ఎన్ని జాబ్‌లు పెడితే అన్నింటికీ విడివిడిగా ఆ మెమరీ కావాలన్న లెక్క మరిచిపోకూడదు.

అయిదు, జాగ్రత్తల బరువు. మామూలు రోజుల్లో డేటాబేస్ ఏ మార్పు చేసినా ముందు లాగ్‌లో రాసుకుని తర్వాత చేస్తాది. కరెంటు పోయినా డేటా పోకూడదని. ఖాళీ సర్వర్‌లోకి రిస్టోర్ చేస్తున్నప్పుడు మధ్యలో పోతే మళ్లీ మొదలెట్టుకోవచ్చు కాబట్టి, ఆ జాగ్రత్తలు కొన్ని కాసేపు సడలించొచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.0.21 నుంచి రీడూ లాగ్‌నే కాసేపు ఆపే వీలు ఇచ్చినారు. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ సైజు పరిమితి పెంచితే మాటిమాటికీ చెక్‌పాయింట్ పడి ఆగడం తగ్గుతాది. ఫారిన్ కీ తనిఖీలు కూడా కాసేపు ఆపొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాల. ఆపినవి మళ్లీ పెట్టాల. రీడూ లాగ్ ఆపి ఉన్నప్పుడు సర్వర్ పడిపోతే ఆ డేటా పనికిరాదు, మొదటి నుంచి ఎక్కించుకోవాల్సిందే. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ తనిఖీ మళ్లీ ఆన్ చేసినా, మధ్యలో ఎక్కిన వరసలని అది వెనక్కి తిరిగి చూడదు. అంటే లేని కార్డు నంబరు మీద పింఛను వరస ఒకటి దూరిపోతే, అది అలాగే కూకుంటాది. బేగి తెచ్చినారు గానీ తప్పు తెచ్చినారు అన్నమాట.

ఆరు, లాగ్‌ల గొలుసు. ఆదివారం పూర్తి బ్యాకప్ తీసి, మిగతా రోజులు లాగ్‌లు మాత్రం దాచే పద్ధతి ఉన్నాది. శనివారం పడిపోతే ఆరు రోజుల లావాదేవీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ ఆడించాల. అందుకే మధ్యలో రోజూ మార్పుల వరకు మాత్రమే తీసే బ్యాకప్ కూడా ఉండాల. పోస్ట్‌గ్రెస్‌లో 2024 సెప్టెంబరులో వొచ్చిన 17వ వెర్షన్‌లో ఈ ఇంక్రిమెంటల్ సదుపాయం నేరుగా పెట్టినారు. పీజీబ్యాక్‌రెస్ట్ లాంటి ఉచిత సాధనాల్లో అది ముందు నుంచే ఉన్నాది. అందులో ‘డెల్టా’ అన్న పద్ధతి ఇంకా మంచిది. పాడవని ఫైళ్లని అలాగే ఉంచి, తేడా ఉన్నవే తెస్తాది. ఇల్లంతా పడగొట్టకుండా కురిసే చోట పెంకులు మార్చినట్టు.

అన్నింటికన్నా పెద్ద కిటుకు

ఇన్ని సెట్టింగుల కన్నా పెద్ద కిటుకు ఒకటున్నాది. అన్నీ ఒకేసారి తేవాలని పంతం పట్టకపోవడం.

పింఛను రోజున సర్వర్ పడిపోతే ఆ పూట కావాల్సినవి ఏటి? ఎవరెవరికి పింఛను ఉన్నాదన్న జాబితా, ఈ నెల ఎవరికి ఇచ్చినారన్న లెక్క. ఆరేళ్ల కిందట ఎవరు ఏ తేదీన వేలిముద్ర వేసినారన్న చరిత్ర ఆ పూటకి అక్కర్లేదు. గానీ చాలా డేటాబేస్‌లలో చోటంతా తినేసేది ఆ చరిత్రే. పాత సంవత్సరాలని పార్టిషన్లుగా విడగొట్టి ఉంచితే, ఈ ఏడాదిది ముందు తెచ్చి తలుపులు తెరవొచ్చు. పాతది వెనకాల నెమ్మదిగా ఎక్కుతాది. ఇల్లు కాలినప్పుడు పొయ్యి ముందు వెలిగించుకుంటాం, అటక తర్వాత సర్దుకుంటాం.

ఇది రిస్టోర్ రోజున తట్టే ఆలోచన కాదు. డేటాబేస్ కట్టిన రోజునే తట్టాల. టెండరు పిలిచిన రోజునే కాగితం మీద ఉండాల. ‘పడిపోతే రెండు గంటల్లో పింఛను జాబితా, ఒక రోజులో మొత్తం’ అని. ఈ పనిలో ఉన్నోళ్లు దీన్ని ఆర్‌టీవో అంటారు, ఎంతసేపట్లో లేవాలన్న గడువు. ఇంకోటి ఆర్‌పీవో, ఎంత వరకు డేటా పోయినా ఓర్చుకోగలం అన్న హద్దు. గిట్‌లాబ్‌కి తేవడానికి 18 గంటలు పట్టినాది, పోయిన డేటా ఆరు గంటలది. రెండూ వేరు లెక్కలు. ‘బ్యాకప్ ఉంది’ అన్న మాటలో ఈ రెండు లెక్కలూ లేవు. అందుకే ఆ మాటకి విలువ లేదు.

‘మాకు రెండో సర్వర్ ఉంది, అందులో అదే డేటా ఎప్పటికప్పుడు చేరిపోతాది’ అని కొందరంటారు. మంచిదే, మెషీన్ కాలిపోతే అది నిమిషాల్లో అందుకుంటాది. గానీ మొదటి సర్వర్‌లో ఎవరైనా తప్పుగా చెరిపితే, రెండోదానిలో కూడా ఆ క్షణంలోనే చెరిగిపోతాది. అద్దంలో బొమ్మ లాంటిది. మనిషి పడితే బొమ్మా పడతాది. రెప్లికా బ్యాకప్‌కి తోడు గానీ, దాని బదులు కాదు.

‘డేటా మరీ ఎక్కువ, బ్యాకప్ తీయలేం’ అన్నోళ్ల గతి కూడా చూసినాం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచినాయి. 600కి పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోనాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయిపోనాది. దానికి బయట కాపీ లేదు, చాలా పెద్దది కాబట్టి తీయలేదన్నారు. ప్రపంచంలోనే ఇంటర్నెట్‌కి పేరున్న దేశం అది.

ఖర్చు మాటేటి?

ఇవన్నీ డబ్బుతో పని అంటారు. కొంత నిజమే. బేగి లేవాలంటే వేగమైన డిస్కులు కావాల, ఖాళీగా ఉంచిన సర్వర్ కావాల, మంచి లైను కావాల. ప్రతి సేవకీ రెండు గంటల గడువు పెడితే ఖజానా చాలదు. ఊరి జాతర ఫోటోల వెబ్‌సైటు రెండు రోజులు ఆగితే ఎవరి కడుపూ మాడదు. అందుకే ఏది ముందు అన్నది తేల్చుకోవాల. ఆ తేల్చడం ఇంజినీర్లకే ఒగ్గేయకూడదు. అది జనం తేల్చాల్సిన మాట. పింఛను, రేషను, ఆస్పత్రి, బ్యాంకు. ఇవి ముందు.

గానీ పైన చెప్పినవాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. డంప్ తీసే పద్ధతి మార్చడం, జాబ్‌లు పెంచడం, మెమరీ సెట్టింగు సర్దడం, పాత డేటా విడగొట్టడం. ఇవన్నీ ఒక మనిషి శ్రద్ధతో అయ్యేవే. డబ్బు కన్నా కరువైనది అలవాటు. మూడు నెలలకోపాలి ఒక ఆదివారం, నిజంగా పడిపోయినట్టే అనుకుని, వేరే సర్వర్‌లో మొత్తం రిస్టోర్ చేసి, గడియారం పెట్టి కొలవడం. ఆరోజు తెలుస్తాది ఏ పాస్‌వర్డు ఎవరి దగ్గరున్నాదో, ఏ ఫైలు చెడిపోయి ఉన్నాదో.

వాణిజ్య బ్యాంకులకి ఈ నియమం ఉన్నాది. 2023 నవంబరులో ఇచ్చిన ఐటీ మార్గదర్శకాల్లో రిజర్వు బ్యాంకు, ముఖ్యమైన వ్యవస్థలకి ఆరు నెలలకోపాలైనా ఇలాంటి డ్రిల్ చెయ్యాలన్నాది. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లోపు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశమిచ్చినాది. అంటే పడిపోయిన సంగతి చెప్పడానికి గడువు ఉన్నాది. లేవడానికి గడువు ఎంతో, పల్లెలో లైన్లో నిలబడినోళ్లకి ఎవరూ చెప్పరు. స్కూలు బస్సుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలంటారు కదా. ప్రభుత్వ సేవలకి కూడా ‘చివరిగా రిస్టోర్ చేసి చూసిన తేదీ, పట్టిన సమయం’ అని రెండు ముక్కలు జనానికి కనిపించేలా పెట్టాల. సర్వర్ ఎక్కడున్నాది, పాస్‌వర్డు ఏటి అని అడగట్లేదు. దొంగలకి పనికొచ్చే సంగతేదీ అక్కర్లేదు. తేదీ, గంటలు. అంతే. ఎవరూ పెట్టకపోతే సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలోనే ఉన్నాది. ఒక దరఖాస్తు, 30 రోజుల గడువు. రాయడానికి చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఈ పని మనది కాకూడదేటి?

చివరగా మన కుర్రోళ్లకీ గుంటలకీ ఒక మాట. 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని ఒప్పందం చేసుకున్నాది. మన పక్క అందరూ ఉద్యోగాలు ఎన్నొస్తాయని లెక్కలేస్తున్నారు. ఒక నిజం చెప్పుకోవాల. డేటా సెంటర్ కట్టేటప్పుడు కావాల్సినంత మంది, కట్టినాక నడపడానికి అక్కర్లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ పనికే మన ఊళ్ల నుంచి పోతే, సముద్రం మనది, నీళ్లు మనవి, కరెంటు మనది, పని మాత్రం ఇంకొకళ్లది అవుతాది.

డేటాబేస్ నిలబెట్టే పని నేర్చుకోవడానికి బెంగుళూరు హాస్టలు ఫీజు అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ ఉచితం. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. దానితోపాటే పీజీబెంచ్ అన్న సాధనం వస్తాది. స్కేల్ 1000 అని ఇస్తే పది కోట్ల వరసలు, సుమారు 15 జీబీ డేటా అదే తయారుచేసి పెడతాది. ముందు మామూలు డంప్ తీసి, ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించండి. ఎంతసేపు పట్టినాదో కాగితం మీద రాయండి. తర్వాత డైరెక్టరీ ఫార్మాట్‌లో తీసి, నాలుగు జాబ్‌లతో ఎక్కించండి. మళ్లీ రాయండి.

ఇక్కడ మీకొక ఆశ్చర్యం ఎదురవుతాది. నాలుగు జాబ్‌లు పెట్టినా టైము నాలుగో వంతుకి తగ్గదు. ఎందుకేటి? పీజీబెంచ్‌లో డేటా అంతా దాదాపు ఒక్క టేబుల్‌లోనే ఉంటాది. పీజీ రిస్టోర్ టేబుల్‌కొకరు చొప్పున పని పంచుతాది. ఒకటే పెద్ద టేబుల్ ఉంటే ఒక్కరే మోస్తారు, ముగ్గురు చూస్తా కూకుంటారు. ఇప్పుడు పార్టిషన్లు పెట్టి మళ్లీ చేసి చూడండి. అప్పుడు తేడా తెలుస్తాది. ఈ ఒక్క సంగతి, అంటే రిస్టోర్ వేగం మొత్తం పెద్ద టేబుల్ మీద ఆధారపడి ఉంటాదన్నది, పుస్తకం చదివితే బుర్రకి ఎక్కదు. ఒకపాలి చేతులతో చేసినోడు ఇంటర్వ్యూలో చెప్తే అవతలోడు వింటాడు. మూడోపాలి మెమరీ సెట్టింగు పెంచి చూడండి. నాలుగోపాలి, ఎక్కుతుండగా కావాలనే కరెంటు తీసేసి ఏటవుతాదో చూడండి. ఎక్కించినాక అనలైజ్ ఆదేశం ఇవ్వకపోతే క్వెరీలు ఎంత నెమ్మదిస్తాయో కూడా చూడండి. మీ డేటా, మీ ల్యాప్‌టాప్, ఎవరి పింఛనూ ఆగదు.

పొందూరు ఖాదీకి పేరు ఊరికే రాలేదు. దారం తెగితే ఎలాగ అతకాలో తెలిసిన చేతుల వల్ల వొచ్చినాది. నెయ్యడం చాలామందికి వస్తాది, తెగింది అతకడమే పనితనం. కంప్యూటర్లలోనూ అంతే. కొత్త యాప్ ప్రారంభించడానికి మంత్రులొస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటోలు పడతాయి. రిస్టోర్ డ్రిల్‌కి ఎవరూ రారు. గానీ తుఫాను రాత్రి మన బతుకు ఆధారపడేది ఆ రిబ్బన్ మీద కాదు, ఎవరూ చూడని ఆ ఆదివారం డ్రిల్ మీద.

మన పక్క తుఫానులకి అక్టోబరు, నవంబరు నెలలు పేరుపడినవి. ఈపాలి అవి రాకముందే, మన మండలం సభలోనో, సచివాలయం గుమ్మంలోనో, నాయకుడు ఓట్లకి వొచ్చినప్పుడో, ఒక్క ప్రశ్న అడగండి. బ్యాకప్ ఉన్నాదా అని కాదు. ‘చివరిపాలి ఎప్పుడు తెచ్చి చూసినారు, ఎన్ని గంటలు పట్టినాది?’ జవాబు గంటల్లో వస్తే మంచిది. ‘చూసి చెప్తాం’ అంటే, ఎవరూ చూడలేదని అర్థం.